సెజాన్ ‘యాపిల్స్ బుట్ట’: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ 1893 ప్రాంతంలో వేసిన ‘యాపిల్స్ బుట్ట’ గురించి, కొత్తగా బొమ్మలు చూడటం మొదలుపెట్టినవాళ్లకు వచ్చే ప్రశ్నలు ఇవి. ఈ బొమ్మ ఉన్న మ్యూజియం పేరు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, దాని వెబ్‌సైట్‌లో ఇది పెద్ద సైజులో దొరుకుతుంది. దాన్ని పక్కన తెరిచి పెట్టుకుని చదివితేనే ఉపయోగం.

ఈ బొమ్మలో ఉన్నదేమిటి?

ఒక చెక్క టేబుల్, దాని మీద ముడతలు పడ్డ తెల్లగుడ్డ. ఎడమవైపు యాపిల్స్ నిండిన బుట్ట. కింద ఒక దిమ్మ పెట్టి ఎత్తడం వల్ల బుట్ట ముందుకు ఒరిగి, కాయలు ఇప్పుడే జారిపోతాయేమో అన్నట్టు ఉంటుంది. మధ్యలో ముదురు రంగు సీసా. కుడివైపు, కాస్త వెనగ్గా, పళ్లెంలో పొడవాటి బిస్కెట్లు అడ్డంగా నిలువుగా పేర్చి ఉన్నాయి. మిగతా యాపిల్స్ గుడ్డ మీద చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వెనక నీలం, బూడిద కలిసిన గోడ. మనుషులు లేరు, కథ లేదు.

కాన్వాస్ మీద ఆయిల్ రంగులు, సైజు సుమారు 65 × 80 సెంటీమీటర్లు. కింద ఎడమ మూల సంతకం ఉంది. సెజాన్ సంతకం చేసిన బొమ్మలు తక్కువ కాబట్టి ఆ మూల కూడా ఒకసారి చూడండి.

ఎవరీ సెజాన్?

ఫ్రాన్స్ దక్షిణాన, ప్రొవాన్స్ ప్రాంతంలోని ఎక్స్ అనే ఊళ్లో 1839 జనవరి 19న పుట్టాడు. తండ్రి మొదట టోపీల వ్యాపారి. తర్వాత ఒక భాగస్వామితో కలిసి బ్యాంకు పెట్టి బాగా సంపాదించాడు. కొడుకు లా చదివి బ్యాంకులో కూర్చోవాలన్నది ఆయన కోరిక. సెజాన్ లా కాలేజీలో చేరాడు కానీ మనసంతా డ్రాయింగ్ స్కూల్ మీదే. 1861లో పారిస్ వెళ్లాడు. అక్కడి ప్రభుత్వ కళాశాల చేర్చుకోలేదు. తండ్రి పంపే డబ్బుతోనే చాలా ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఆ డబ్బు ఆగిపోతుందన్న భయంతో హార్టెన్స్ ఫికే అనే అమ్మాయితో కాపురం పెట్టి, 1872లో కొడుకు పుట్టినా ఇంట్లో చెప్పలేదు. పెళ్లి 1886లో జరిగింది. అదే ఏడాది తండ్రి పోయాడు, ఆస్తి చేతికొచ్చింది. అప్పటికి సెజాన్‌కు 47 ఏళ్లు.

బొమ్మ అమ్ముడుపోతేనే తప్ప పూట గడవని పరిస్థితి అతనికి రాలేదు. ఈ విషయం చాలామంది పక్కన పెట్టేస్తారు కానీ, నా దృష్టిలో ఇది ముఖ్యం. ఒక బుట్ట, ఒక సీసా ముందు రోజుల తరబడి కూర్చోగల తీరిక దాని వల్లే వచ్చింది. ఆ తీరికను అతను ఎంత కఠినంగా వాడుకున్నాడో ఈ బొమ్మలోనే కనిపిస్తుంది.

టేబుల్ అంచు రెండు వైపులా కలవలేదేంటి? గీయడం రాకనా?

ఎక్కువమంది అడిగేది ఇదే, బొమ్మ గుట్టంతా ఉన్నదీ ఇక్కడే.

ముందు అంచును ఎడమ నుంచి చూసుకుంటూ రండి. తెల్లగుడ్డ కింద అది మాయమవుతుంది. కుడివైపు మళ్లీ బయటికొచ్చేసరికి వేరే ఎత్తులో ఉంటుంది. స్కేలు పెట్టి కలిపితే రెండూ ఒకే గీత కావు.

గీయడం రాకపోవడం అన్న మాట నిలవదు. ఎక్స్‌లోని డ్రాయింగ్ స్కూల్లో మనిషిని ఎదురుగా నిలబెట్టి వేయించే పోటీలో అతనికి రెండో బహుమతి వచ్చింది. కుర్రతనంలో వేసిన ఆ డ్రాయింగుల్లో కొలతలు చక్కగా కుదిరాయి. తిన్నగా గీత గీయడం వచ్చినవాడే ఇలా వేశాడు.

కారణం తెలియాలంటే ఇంట్లో చిన్న పని చేయండి. డైనింగ్ టేబుల్ మీద ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్లెం, ఒక సీసా పెట్టి కుర్చీలో కూర్చోండి. గ్లాసు మూతి సన్నగా కనిపిస్తుంది. పళ్లెంలో ఏముందో చూడటానికి తెలియకుండానే కాస్త ముందుకు వంగుతారు. ఇప్పుడు అదే గ్లాసు మూతి గుండ్రంగా విచ్చుకుంటుంది. సీసా వైపు తల తిప్పితే టేబుల్ అంచు వాలు మారిపోతుంది. ఒక్క నిమిషంలో ఆ టేబుల్‌ను మీరు నాలుగైదు చోట్ల నుంచి చూశారన్నమాట.

దగ్గరివి పెద్దగా, దూరపువి చిన్నగా లెక్క ప్రకారం చూపే పర్‌స్పెక్టివ్ పద్ధతి ఇటలీలో 15వ శతాబ్దం నుంచి స్థిరపడింది, అది దీన్ని ఒప్పుకోదు. తల కదలకూడదు, ఒక కన్ను మూసుకుని ఒకే చోటు నుంచి చూసినట్టు లెక్క కట్టాలి. కెమెరా కూడా అలాగే చూస్తుంది. సెజాన్ ఆ లెక్కను పక్కనపెట్టి, బుట్టను చూసినప్పుడు బుట్ట ఎలా ఉందో, బిస్కెట్లను చూసినప్పుడు అవి ఎలా ఉన్నాయో అలా వేశాడు. ఆ చూపులన్నీ ఒకే కాన్వాస్ మీద కలిసినప్పుడు టేబుల్ అంచు కలవలేదు. తెల్లగుడ్డ ఆ అతుకును కప్పేసింది.

బిస్కెట్ల దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కింది వరసలు మన కంటికి ఎదురుగా, పక్క నుంచి చూసినట్టు ఉన్నాయి. పైన ఉన్నవి మాత్రం మనవైపు లేచినట్టు, పైనుంచి చూసినట్టు కనిపిస్తాయి. ఒకే పళ్లెంలో రెండు చూపులు.

సీసా కూడా వంకరగా ఉంది కదా?

అవును, ఎడమవైపు వాలింది. దాన్ని నిటారుగా ఊహించుకుని చూడండి: బుట్ట బరువంతా ముందుకు దొర్లిపోతుంది, ఆపేవాళ్లు ఉండరు. సీసా బుట్టవైపు వాలడం వల్ల ఆ ఒరుగుడుకు ఒక జవాబు దొరికింది. గీతలు దిద్దడం మరిచిపోయిన చిత్రకారుడి పని ఇలా కుదరదు.

యాపిల్స్ అంత బరువుగా, గట్టిగా ఎలా కనిపిస్తున్నాయి?

రంగుతో. స్కూల్లో మనకు నేర్పేది, ఎర్ర గుండ్రం వేసి ఒక పక్క నలుపు కలిపి నీడ తేవడం. సెజాన్ ఆ దారి పట్టలేదు. ముందున్న యాపిల్స్‌లో ఒకదాన్ని జూమ్ చేసి చూడండి. మనకు దగ్గరగా ఉన్నచోట పసుపు, తర్వాత నారింజ, తర్వాత ఎరుపు, పక్కకు తిరిగేచోట ఆకుపచ్చో నీలమో. ఒక్కో రంగు ఒక్కో చిన్న మచ్చ, వాటిని పక్కపక్కనే పెట్టుకుంటూ వెళ్లాడు. పసుపు, ఎరుపు లాంటి వేడి రంగులు కంటికి ముందుకొచ్చినట్టు, నీలం లాంటి చల్ల రంగులు వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తాయి. ఆ తేడాతోనే కాయ గుండ్రం తిరిగింది.

అంచులు కూడా చూడండి. కాయ చుట్టూ ముదురు నీలి గీత ఒక్కసారి గీసి వదిలేయలేదు. ఒకచోట రెండు మూడు గీతలు పక్కపక్కనే ఉంటాయి, ఒకచోట గీతే తెగిపోతుంది. కాయ ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలవుతుందో అతను మళ్లీ మళ్లీ చూసుకున్నాడు, చూసిన ప్రతిసారీ మిగిలిన గుర్తు అది. గుడ్డను తెల్లగుడ్డ అంటాం కానీ అందులో ఒట్టి తెలుపు చాలా తక్కువ. నీలం, బూడిద, లేత ఆకుపచ్చ, మట్టి రంగు అన్నీ ఉన్నాయి. ముడతలు కొండవాలుల్లా గట్టిగా నిలబడ్డాయి.

అన్నీ వదిలి యాపిల్సే ఎందుకు? వాటికి ఏదైనా అర్థం ఉందా?

ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఎక్స్‌లో స్కూల్లో ఉన్నప్పుడు ఎమిల్ జోలా అనే బక్కపలచని కుర్రాణ్ణి మిగతా పిల్లలు ఏడిపించేవారట. సెజాన్ అతని పక్షాన నిలబడి దెబ్బలు తిన్నాడట. మర్నాడు జోలా ఒక బుట్టెడు యాపిల్స్ తెచ్చి ఇచ్చాడట. ఆ జోలాయే తర్వాత ఫ్రాన్స్‌లో పెద్ద నవలాకారుడయ్యాడు. సెజాన్ ముసలితనంలో ఒక కుర్ర కవికి ఈ సంగతి చెప్పినట్టు ఆ కవి రాసుకున్నాడు. ఈ కథ నాకు ఇష్టమే. అయినా బొమ్మ ముందు నిలబడ్డప్పుడు ప్రతి యాపిల్‌లో స్నేహాన్నో, ఆదాము అవ్వల పాపాన్నో వెతకడం మొదలుపెడితే ఆ కాయ రంగు కనిపించకుండా పోతుంది.

అసలు సౌకర్యం వేరే ఉంది. యాపిల్ కదలదు, కబుర్లు చెప్పదు, ఇంటికి వెళ్లాలని తొందరపెట్టదు. 1899లో బొమ్మల వ్యాపారి ఆంబ్రోస్ వొల్లార్డ్ తన బొమ్మ వేయించుకోవడానికి కూర్చుని కునుకు తీస్తే సెజాన్ మండిపడ్డాడు, యాపిల్‌లా కూర్చోవాలి, యాపిల్ ఎక్కడైనా కదులుతుందా అని. 115 సార్లు కూర్చున్నానని వొల్లార్డ్ రాసుకున్నాడు. చివరికి సెజాన్ తృప్తిపడింది చొక్కా ముందు భాగం ఒక్కదాని విషయంలో, అదీ అంతంతమాత్రంగా.

పారిస్‌ను ఒక్క యాపిల్‌తో ఆశ్చర్యపరుస్తానని అతను అన్నట్టు కూడా చెబుతారు. అతని పట్టుదలకు సరిపోయే మాటే.

అంత నెమ్మదిగా వేస్తే కాయలు కుళ్లిపోవా?

కుళ్లేవి. పూలు ఇంకా త్వరగా వాడిపోతాయని కాగితం పూలు కూడా వాడాడు. యాపిల్ కాస్త ఓర్చుకునే కాయ, అదీ ఒక కారణం కావచ్చు.

వస్తువులను అలా ఎలా దొరికితే అలా వేశాడా, సర్దుకున్నాడా?

సర్దడానికే చాలా సమయం పట్టేది. అతను ఒక స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) సిద్ధం చేస్తుండగా దగ్గరుండి చూసిన ఒక కుర్ర చిత్రకారుడు ఈ సంగతి చెప్పాడు: గుడ్డను అటూ ఇటూ కొంచెం కొంచెం జరిపి, కాయల రంగులు ఒకదానికొకటి ఎదురు పడేలా పెట్టి, తనకు కావలసిన ఎత్తు రావడానికి కాయల కింద ఒకటి రెండు చిల్లర నాణేలు పెట్టేవాడట. బుట్ట కింద దిమ్మ అందరికీ కనిపిస్తుంది. కాయల కింద నాణేలు కనిపించవు. ఇది తెలిశాక ఆ చెల్లాచెదురు యాపిల్స్‌ను చూసే తీరే మారిపోతుంది.

యాపిల్స్ యాపిల్స్‌లాగే ఉన్నాయి కదా, ఇది మోడర్న్ ఆర్ట్ ఎలా అవుతుంది?

గుర్తుపట్టలేనిదే మోడర్న్ ఆర్ట్ అన్న అభిప్రాయం మనలో బాగా పాతుకుపోయింది. ఎదుటి వస్తువుకు నకలు తీయడం చిత్రకారుడి పని అన్న నమ్మకం సడలినచోట ఆధునికత మొదలైంది. ఆ సడలింపు ఈ టేబుల్ మీద జరిగింది.

ఇంకో సంగతి. 1667లో ఫ్రెంచ్ కళా అకాడమీ తరఫున ఫెలిబియన్ అనే రచయిత బొమ్మలకు తరగతులు కట్టాడు. పురాణాలు, చరిత్ర పైమెట్టు. ప్రాణం లేని వస్తువులు అట్టడుగు మెట్టు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ లెక్కే నడిచింది. అట్టడుగున ఉన్న పళ్లూ సీసాలూ తీసుకుని సెజాన్ చిత్రకళలోని అతి పెద్ద ప్రశ్న అడిగాడు: చూడటం అంటే ఏమిటి?

తర్వాతివాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. చిత్రకారుడు గొగాన్ దగ్గర సెజాన్ స్టిల్ లైఫ్ ఒకటి ఉండేది. దాన్ని ప్రాణంగా చూసుకున్నాడు. 1890లో ఒక స్త్రీ బొమ్మ వేస్తూ ఆమె వెనక ఆ స్టిల్ లైఫ్‌ను కూడా చిత్రించాడు. ఆ గొగాన్ బొమ్మ ఇప్పుడు చికాగోలోనే, ఇదే మ్యూజియంలో ఉంది. చిత్రకారుడు మాటిస్, సెజాన్ వేసిన స్నానం చేసే స్త్రీల బొమ్మ ఒకటి 1899లో కొని, 1936లో పారిస్ నగర మ్యూజియానికి ఇచ్చేవరకూ తన దగ్గరే ఉంచుకున్నాడు. సెజాన్ పోయిన మరుసటి ఏడాది, 1907లో, పారిస్‌లో 56 బొమ్మలతో పెద్ద సంస్మరణ ప్రదర్శన జరిగింది. 1908లో బ్రాక్ అనే చిత్రకారుడు, సెజాన్ బొమ్మలు వేసిన లెస్తాక్ అనే ఊరికే వెళ్లి, ఇళ్లను దిమ్మల్లా వేశాడు. ఒకే వస్తువును పలు వైపుల నుంచి చూపే పద్ధతి క్యూబిజం. బ్రాక్, పికాసో కలిసి నడిపిన ఆ పద్ధతి అక్కడ ఊపందుకుంది. బిస్కెట్ల పళ్లెంలో రెండు చూపులుంటే, వాళ్ల సీసాల్లో, గిటార్లలో పది చూపులు వచ్చాయి.

అతని కాలంలో జనం ఏమన్నారు?

నవ్వారు, తిట్టారు. పారిస్‌లో ‘సలోన్’ అనే అధికారిక వార్షిక ప్రదర్శన అతని బొమ్మలను పదేపదే తిప్పికొట్టింది. ఒక్క 1882లో మాత్రం ఒక మిత్రుడి శిష్యుడిగా పేరు రాయించుకుంటే లోపలికి రానిచ్చారు. 1874లో ఇంప్రెషనిస్టుల (కంటికి ఆ క్షణం కనిపించే వెలుగును పట్టే చిత్రకారుల) మొదటి ప్రదర్శనలో పాల్గొంటే మిగతావాళ్లకంటే ఇతనికే ఎక్కువ చీవాట్లు. రచయిత హుయ్స్‌మాన్స్ అయితే కంటి జబ్బు ఉన్న చిత్రకారుడన్నాడు. ఈ మాట ఇప్పటికీ తిరుగుతోంది. కంటి జబ్బు టేబుల్ అంచును గుడ్డ కింద అంత తెలివిగా దాచదు.

తోటి చిత్రకారుడు పిసారో మాత్రం మొదటి నుంచీ నమ్మాడు. ఆయన ప్రోత్సాహంతోనే వొల్లార్డ్ 1895లో పారిస్‌లోని తన చిన్న షాపులో సెజాన్ ఒక్కడి బొమ్మలతో ప్రదర్శన పెట్టాడు. ‘యాపిల్స్ బుట్ట’ అందులో ఉంది. సెజాన్‌కు అప్పుడు 56 ఏళ్లు, పారిస్‌లో అదే మొదటి సోలో ప్రదర్శన. మామూలు జనం సంగతి ఎలా ఉన్నా, తోటి చిత్రకారులు వచ్చి చూసి కొన్నారు.

జోలాతో స్నేహం చెడిందంటారు, నిజమేనా?

1886లో జోలా ఒక విఫల చిత్రకారుడి మీద నవల రాశాడు. అది తన గురించేనని సెజాన్ నొచ్చుకుని వెంటనే తెగతెంపులు చేసుకున్నాడని చాలాకాలం చెప్పుకున్నారు. అతను 1887లో జోలాకు రాసిన ఉత్తరం ఒకటి చాలా ఏళ్ల తర్వాత బయటపడింది. కాబట్టి ఒక్క దెబ్బకు తెగిన స్నేహం కాదు. నెమ్మదిగా పలచబడింది.

ఈ బొమ్మ చికాగోకు ఎలా వెళ్లింది?

ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే చికాగో చిత్రకారుడు, ఆయన భార్య హెలెన్ బర్చ్ బార్ట్‌లెట్ కలిసి కొత్తతరం ఫ్రెంచ్ బొమ్మలు సేకరించారు. హెలెన్ 1925లో చనిపోయాక, ఆమె జ్ఞాపకార్థం ఆ సేకరణను 1926లో మ్యూజియానికి ఇచ్చేశారు. ఫ్రెంచ్ చిత్రకారుడు సూరా వేసిన ప్రసిద్ధమైన ‘గ్రాండ్ జాత్’ కూడా ఆ సేకరణలోదే.

మనవాళ్లకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉంది. 1893 సెప్టెంబర్‌లో స్వామి వివేకానంద మాట్లాడిన సర్వమత సమ్మేళనం జరిగింది ఈ మ్యూజియం భవనంలోనే. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఉపన్యసించి, ఆ తర్వాత ఓడెక్కారు. బొమ్మకూ ఆ సభకూ సంబంధం ఏమీ లేదు. ఆ చోటు చూడ్డానికి చికాగో వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఉంటారు, పై గదుల్లో ఉన్న సెజాన్‌ను చూడకుండా వచ్చేయొద్దని నా మనవి.

ధర ఎంత ఉంటుంది?

మ్యూజియం సొత్తు, అమ్మకానికి లేదు. అంచనా కావాలంటే: 1999లో సెజాన్ స్టిల్ లైఫ్ ఒకటి న్యూయార్క్ వేలంలో 6.05 కోట్ల డాలర్లు పలికింది. 2022లో అతని కొండ బొమ్మ ఒకటి 13.78 కోట్ల డాలర్లకు పోయింది.

మా పిల్లాడు కూడా ఇలాగే వంకరగా వేస్తాడు. తేడా ఏంటి?

పిల్లలు తమకు తెలిసింది వేస్తారు: టేబుల్‌కు నాలుగు కాళ్లు, నాలుగూ కనిపించాలి. సెజాన్ తెలిసినదాన్ని పక్కకు నెట్టి, కంటికి ఆ క్షణం కనిపించింది వేయడానికి జీవితమంతా పెట్టాడు. మీ పిల్లాడి బొమ్మ మాత్రం దాచిపెట్టండి.

మ్యూజియంలో దీన్ని ఎలా చూడాలి?

లేబుల్ తర్వాత చదవండి. ముందు దూరంగా నిలబడి మొత్తం చూడండి. అక్కడి నుంచి ఏదీ పడిపోవడం లేదు, అన్నీ నిలబడి ఉన్నాయి. తర్వాత దగ్గరికి వెళ్లి ఒక్క యాపిల్‌ను ఎంచుకుని దాని అంచు చుట్టూ కన్ను తిప్పండి. ఆ తర్వాత టేబుల్ అంచు, బిస్కెట్లు. ఫోటో తీసే తొందర పెట్టుకోకండి, వెబ్‌సైట్‌లో అంతకంటే మంచి ఫోటో ఉంది. పది నిమిషాలు ఇవ్వగలిగితే గోడ కూడా మాట్లాడుతుంది. బొమ్మలు అప్పుడప్పుడు వేరే ఊళ్లకు ప్రదర్శనలకు వెళ్తుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ప్రస్తుతం గోడ మీద ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి.

నేనూ ఇలాంటిది వేయాలనుకుంటున్నా. ఎలా మొదలుపెట్టాలి?

యాపిల్సే అక్కర్లేదు. జామకాయలు, నిమ్మకాయలు, ఒక పాత తువ్వాలు చాలు. కిటికీ వెలుగు ఒకవైపు నుంచి పడేచోట పెట్టండి. సర్దడానికి తొందరపడొద్దు, కాయ కింద నాణెం పెట్టడం మీరూ చేయొచ్చు. నలుపు ట్యూబ్‌ను డబ్బాలోంచి తీయకండి. నీడ కావాల్సినచోట ఏ రంగు కనిపిస్తోందో వెతికి, ఆ రంగు మచ్చ పెట్టండి. ఒక మచ్చ పెట్టాక తలెత్తి కాయను చూసి, ఆ తర్వాతే రెండోది పెట్టండి. ఆయిల్ రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి ఆరడానికి రోజులు పడుతుంది. ఈ పనికి అది మంచిదే, మర్నాడు కూర్చుని దిద్దుకోవచ్చు. టర్పెంటైన్ వాడితే కిటికీలు తెరిచి ఉంచండి.

దీని ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోవచ్చా? కాపీరైట్ గొడవ ఉంటుందా?

ఉండదు. సెజాన్ 1906 అక్టోబర్‌లో, ఆరుబయట బొమ్మ వేస్తూ వానలో తడిసి జబ్బుపడి చనిపోయాడు. అతని బొమ్మల మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఈ బొమ్మ ఫోటోను మ్యూజియం ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. ప్రింట్ చేయించేటప్పుడు మెరిసే కాగితం వద్దని, మ్యాట్ కావాలని చెప్పండి. రంగులు ముదరబెట్టొద్దని కూడా చెప్పండి. గోడ మీద చోటుంటే 65 × 80 సెంటీమీటర్లు, అసలు సైజులోనే తీయించండి. చిన్నది చేస్తే అంచుల దగ్గరి ఆ నీలి గీతలు కనిపించవు.